కొలరాడో కొండ దారికి పికప్ టైర్లు: పది పొరలవి అవసరమా?

అందరికీ నమస్కారం. ఖమ్మం నుంచి వచ్చి డెన్వరు పక్కన అరోరాలో దిగి ఆరు నెలలైంది. నిర్మాణ పనుల పర్యవేక్షణ నా ఉద్యోగం. వారానికి మూడు రోజులు ఐ-70 హైవే మీదుగా సిల్వర్‌థార్న్ వెళ్లి, చివరి నాలుగైదు మైళ్లు కంకర దారిలో నడపవలసి వస్తోంది. నాలుగు చక్రాల డ్రైవు ఉన్న ఫోర్డ్ ఎఫ్-150 ఒకటి సెకండ్ హ్యాండులో కొన్నాను. టైర్లు అరిగిపోయి ఉన్నాయి. పది పొరల ఆల్-టెరైన్ (తారు, మట్టి దారులు రెండింటికీ పనికివచ్చే) టైర్లు వేయించుకుంటే పదేళ్లు చూసుకోనక్కరలేదని దుకాణంలో చెబుతున్నారు. నేను, పనిముట్ల పెట్టె, ఒక్కోసారి మరో ఇద్దరు తప్ప బరువేమీ ఉండదు, ట్రెయిలరు లాగను. అనుభవజ్ఞులు సలహా ఇవ్వగలరు.

సోదరా, టైరు కంపెనీ పేరు ఆలోచించే ముందు డ్రైవరు తలుపు తీసి, పక్క స్తంభానికి అంటించిన స్టిక్కరు చదవండి. ఆ ట్రక్కుకు మొదట వేసిన టైరు సైజు, చల్లగా ఉన్నప్పుడు ఉండవలసిన గాలి, మనుషులూ సామానూ కలిపి మోయగల బరువు అక్కడే రాసి ఉంటాయి.

మీది 275/65ఆర్18 అనుకుందాం. ఈ సైజు రెండు రకాలుగా దొరుకుతుంది. సైజుకు ముందు ఎల్‌టీ అన్న అక్షరాలుంటే లైట్ ట్రక్కు తరగతి, లేకపోతే ప్యాసింజరు తరగతి. దుకాణంవారు పది పొరలు అంటున్నది లోడ్ రేంజ్ (మోయగల బరువు తరగతి) "ఇ" గల ఎల్‌టీ టైరును. ఈనాటి టైరులో నిజంగా పది పొరలు ఉండవు. పూర్వం నూలు పొరలతో టైర్లు చేసిన కాలంలో పది పొరలు మోసినంత బరువు మోస్తుందని మాత్రమే దాని అర్థం. అందులో 80 పీఎస్‌ఐ వరకు గాలి నింపవచ్చు. అంత గాలిని ఆపే టైరు పక్క గోడ బిరుసుగా ఉంటుంది గనుక, ఖాళీ ట్రక్కు ప్రతి గతుకుకూ ఎగిరి పడుతుంది. టైరు బరువు పెరిగిన కొద్దీ పెట్రోలు ఖర్చూ పెరుగుతుంది.

నేను మొదటిసారి ఇలాగే దుకాణం మాట విని వాటినే వేయించుకున్నాను. బిగించినతను స్టిక్కరు మీదున్న 35 పీఎస్‌ఐ కొట్టి పంపించాడు. అదే బరువు మోయడానికి ఎల్‌టీ టైరుకు ప్యాసింజరు టైరు కంటే ఎక్కువ గాలి కావాలని అతను చెప్పలేదు, నేనూ అడగలేదు. ఏడాది తిరిగేసరికి రెండు అంచులూ నున్నగా అరిగిపోయి, మధ్యలో గుబ్బలు మాత్రం కొత్తవాటిలా మిగిలాయి.

మీ అవసరానికి, ప్యాసింజరు తరగతిలోనే దొరికే ఆల్-టెరైన్ టైరు చాలునని నా అభిప్రాయం. అయితే దాని గోడ మీద మూడు శిఖరాల కొండ, అందులో మంచు రేకు బొమ్మ తప్పనిసరిగా ఉండాలి. ఎం ప్లస్ ఎస్ (బురద, మంచు) అన్న ముద్ర ఒక్కటీ చూసి సరిపెట్టుకోవద్దు, ఎందుకంటే అది టైరు గాడుల ఆకృతిని బట్టి కంపెనీయే వేసుకునే ముద్ర. కొండ బొమ్మ మాత్రం అణిగిన మంచు మీద పరీక్షించి, ప్రమాణంగా పెట్టుకున్న టైరు కంటే కనీసం 10 శాతం ఎక్కువ పట్టు చూపితేనే వేస్తారు. ఆ పరీక్ష కూడా బండి ముందుకు కదిలేటప్పటి పట్టుకే గాని, రోడ్డు మీద కంటికి కనబడకుండా గడ్డకట్టిన పల్చటి మంచు మీద బ్రేకు వేసినప్పటి సంగతి అది చెప్పదు. ఐసన్‌హోవర్ సొరంగం దాటాక దిగుడులో ఈ తేడా గుర్తుంచుకోండి.

చట్టం సంగతికి వస్తే, ఐ-70 మీద మోరిసన్, డాట్‌సీరో ఊళ్ల మధ్య సెప్టెంబరు 1 నుంచి మే 31 వరకు నాలుగు చక్రాల డ్రైవు ఉన్న బండికైనా గాడి లోతు కనీసం 3/16 అంగుళం ఉండాలి. ఒక సెంటు నాణెంతో దీన్ని ఇంట్లోనే చూసుకోవచ్చు. వెనక వైపు లింకన్ స్మారక మందిరం ఉన్న పాత నాణెం తీసుకుని, మందిరం కప్పు కిందికి ఉండేటట్లు గాడిలోకి దించితే కప్పు గుబ్బల్లో మునగాలి. మందిరం బొమ్మ 1959 నుంచి 2008 వరకు వచ్చిన నాణేలకే ఉంది. 2010 నుంచి వచ్చిన డాలు బొమ్మ నాణేలతో ఈ కొలత కుదరదు. ఆల్-టెరైన్ టైరు చాలాకాలం మన్నుతుందన్న మాట ఇక్కడే తేలిపోతుంది. గాడి 3/16 అంగుళం కంటే తగ్గితే, టైరు చూడడానికి ఇంకా బాగానే ఉంటుంది, చలికాలానికి మాత్రం పనికిరాదు.

పదేళ్ల మాట నమ్మవద్దు. ఫోర్డుతో సహా పలు కంపెనీలు ఆరేళ్లు దాటిన టైరును మార్చమంటాయి. గోడ మీద డీఓటీ (అమెరికా రవాణా శాఖ) అని మొదలయ్యే వరుసలో చివరి నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం. 2324 అంటే 2024లో 23వ వారం. డబ్బు కట్టే ముందు నాలుగు టైర్లవీ మీరే వంగి చదవండి. అందం కోసం గోడ ఎత్తు ఎక్కువుండే 275/70 వేయిస్తామంటే వద్దనండి. వ్యాసం దాదాపు 3.4 శాతం పెరుగుతుంది, స్పీడోమీటరు 75 చూపేటప్పుడు మీరు 77 దాటి పోతూ ఉంటారు.

పై మిత్రునితో నేను ఏకీభవించలేను. మాది టెక్సస్‌లో మిడ్‌ల్యాండ్. చమురు బావులకు వెళ్లే కలీచీ (గట్టి సున్నపు నేల) దారుల్లో పదునైన రాళ్లు టైరు గోడను కోస్తాయి. గోడ చీలితే పంక్చరు వేయడానికి వీలుండదు. ప్యాసింజరు టైర్లు నాకు రెండు నెలల్లో రెండు పోయాయి. లోడ్ రేంజ్ "ఇ" తప్ప మరొకటి కొనను.

మిడ్‌ల్యాండ్ మిత్రమా, మీ దారికి మీరు చెప్పింది సరైనదే, పైగా మీ ట్రక్కు వెనక ఎప్పుడూ పైపులో, పంపులో ఉంటాయి. ఈయన కంకర దారి నాలుగైదు మైళ్లు, మిగిలినదంతా తారు రోడ్డు. రోజంతా తారు మీద తిరిగేవారు రాళ్ల కోసం బిరుసు టైరు మోయడం దండగ అనుకుంటాను. రేపు బరువు పెరిగితే లోడ్ రేంజ్ "సి" ఉంది. అది 50 పీఎస్‌ఐ దగ్గర ఆగుతుంది, నడకలోనూ మరీ బిరుసుగా ఉండదు.

ఇద్దరికీ కృతజ్ఞతలు. స్టిక్కరు మీద 275/65ఆర్18, 35 పీఎస్‌ఐ అని ఉంది. నాలుగూ ఒకేసారి మారుస్తాను. స్టెప్నీ కూడా మార్చాలా?

ఇక్కడ స్టెప్నీ అంటే ఎవరికీ తెలియదు, స్పేరు అని అడగండి. వ్యాసం సమానంగా ఉంటే పాతదాన్ని ఉంచవచ్చు, కాని దాని డీఓటీ అంకెలూ చూడండి. దాన్ని ట్రక్కు కింద తీగతో వేలాడదీస్తారు. చలికాలంలో మంచు కరగడానికి రోడ్డు మీద చల్లే మెగ్నీషియం క్లోరైడు అనే లవణం పడి ఆ చక్రం తుప్పుతో బిగుసుకుపోతుంది. టైర్లు మార్చే రోజునే ఒకసారి కిందికి దింపించి, గాలి కొట్టించి, మళ్లీ పైకి ఎక్కించమనండి.