‘మారుపేరు’, ‘కలం పేరు’ ఒకటేనా?

ప్రశ్న:

నా కథల సంపుటి అచ్చుకు వెళ్తోంది. పత్రికల్లో ఇన్నేళ్ళూ నేను పెట్టుకున్న పేరుతోనే రాశాను. ఆ పేరు వింటే ఆడో మగో కూడా తెలియదు. ఇప్పుడు పుస్తకం మీద ఆ పేరే ఉంచాలా, సొంత పేరు వేసుకోవాలా అన్నది ఇంకా తేల్చుకోలేదు. ఈలోగా ముందుమాట వచ్చింది. అందులో నన్ను ‘మారుపేరుతో రాస్తున్న రచయిత్రి’ అన్నారు. చదవగానే మనసు చివుక్కుమంది, ఏదో నేరం చేసి తప్పించుకు తిరుగుతున్నట్టు. ‘కలం పేరు’ అని మార్చండి అంటే, ‘రెండూ ఒకటేగా’ అన్నారు ఆయన. నిజంగా ఒకటేనా?

జవాబు:

ఒకటి కాదండీ. మీకు చివుక్కుమనడంలో న్యాయం ఉంది.

‘మారు’ చేరిన మాటలు కొన్ని గుర్తు తెచ్చుకోండి: మారువేషం, మారుతాళం, మారుతల్లి, మారుమనువు. వీటన్నిట్లో అసలుది ఒకటి ముందే ఉంటుంది, ఇది దాని బదులు వచ్చి నిలబడుతుంది. మారుపేరు అనగానే వినేవాడి మనసు ‘మరి అసలు పేరేమిటి?’ అని వెతకడం మొదలుపెడుతుంది. పైగా పేపర్లో ఆ మాట ఎక్కువగా కనపడేది నేరవార్తల్లో. ‘మారుపేర్లతో తిరుగుతున్న నిందితుడు’ అని చదివీ చదివీ ఆ మాటకు పోలీస్‌స్టేషన్ వాసన పట్టేసింది.

తమాషా ఏమిటంటే, అదే మాటకు ఇంకో గౌరవమైన బతుకు కూడా ఉంది. ‘దానానికి మారుపేరు కర్ణుడు’ అంటాం. అక్కడ దాపరికం లేదు, మోసం లేదు. గుణం పేరు చెప్పినా మనిషి పేరు చెప్పినా ఒకటే అనేంత పొగడ్త. కాబట్టి మాటలోనే దోషం ఉందనను. కానీ ‘-తో’ చేరి ‘మారుపేరుతో’ అయ్యేసరికి మొదటి అర్థమే ముందుకొస్తుంది. ‘మారుపేరుతో రాస్తున్న’ అన్నప్పుడు కర్ణుడు ఎవరికీ గుర్తు రాడు.

‘కలం పేరు’కు ఈ చిక్కు లేదు. ఆ మాట చెప్పేది ఒక్కటే, ఇది రాసేటప్పటి పేరని. వెనక ఇంకో పేరు ఉందా, ఉంటే ఎవరికి తెలుసు అన్న ఊసు ఎత్తదు. మన రచయితల్లో ఎక్కువమంది పేర్లు ఈ జాతివే. శ్రీశ్రీ అంటే శ్రీరంగం శ్రీనివాసరావు అని ఎవరికి తెలియదు? ఇంటిపేరులో ఒక శ్రీ, పేరులో ఒక శ్రీ తీసి పక్కపక్కన పెడితే చాలింది. చాగంటి సోమయాజులు చాసో అయ్యారు, కాళీపట్నం రామారావు కారా అయ్యారు, రాచకొండ విశ్వనాథశాస్త్రి రావిశాస్త్రి అయ్యారు. వీటిని కలం పేర్లనడానికి కూడా నాకు మనసొప్పదు. పొట్టిపేర్లు అంటే సరిపోతుంది. అక్కడ దాచిందేమీ లేదు, మడత పెట్టారంతే.

ఇక నిజంగా కొత్తగా పెట్టుకున్నవి. భాగవతుల సదాశివ శంకర శాస్త్రి ‘ఆరుద్ర’ అయ్యారు. అది నక్షత్రం పేరు. తొలకరికి నేల మీద కనపడే ఎర్రటి మఖమలు పురుగుకూ అదే పేరు కాబట్టి పిల్లలు కూడా మరిచిపోలేరు. కిళాంబి వెంకట నరసింహాచార్యులు గోత్రం పేరు తీసుకుని ‘ఆత్రేయ’ అయ్యారు. పెనుమర్తి విశ్వనాథశాస్త్రి ‘అజంతా’ అయ్యారు. మామూలు పాఠకుడికి ఆ పేరు వినగానే గుహలు గుర్తొస్తాయి. కాస్త వ్యాకరణం చదివినవాడికి ‘అజంత’ భాష, అంటే అచ్చుతో ముగిసే మాటల భాష, మన తెలుగే, గుర్తొస్తుంది. ఇవి ఎవరూ దాక్కోవడానికి పెట్టుకున్నవి కావు. వీళ్ళ అసలు పేర్లు చెబితేనే జనం ‘ఆయనెవరు?’ అంటారు.

మరొకరు:

మీరు చెప్పింది బాగుంది కానీ, ఒక పెద్ద కారణం వదిలేశారు. అరవైల్లో తిరుగుబాటు కవిత్వం రాసిన దిగంబర కవులు ఆరుగురూ కొత్త పేర్లతో వచ్చారు కదా. అది పొట్టి చేయడమూ కాదు, నక్షత్రాల సరదా కూడా కాదు.

జవాబు:

వదలలేదు, దాని దగ్గరికే వస్తున్నాను. 1965లో వాళ్ళ తొలి సంపుటి వచ్చింది. నగ్నముని, నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు, భైరవయ్య, మహాస్వప్న. వెనక ఉన్న పేర్లు చూడండి: మానేపల్లి హృషీకేశవరావు, కుంభం యాదవరెడ్డి, ఆకారం వీరవెల్లి రాఘవాచార్యులు, బద్దం భాస్కరరెడ్డి... తెలుగువాడి పూర్తి పేరు వింటే ఇంటిపేరు, కులం చాలావరకు బయటపడిపోతాయి. చివర రెడ్డో, రావో, శాస్త్రో, ఆచార్యులో ఉంటే మిగతాది వినేవాడే పూరించుకుంటాడు. కవిత మొదటి పాదం చదవకముందే కవి ఎటువైపువాడో ఒక అంచనా వచ్చేస్తుంది. ఆ తోక తెంపడానికి కలం పేరు కంటే సులువైన కత్తి లేదు. నా లెక్కలో తెలుగులో కలం పేరు చేసిన అతిపెద్ద పని ఇదే. దాచడం ఇందులోనూ లేదు. 1971లో పీడీ చట్టం (ముందస్తు నిర్బంధ చట్టం) కింద నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజులను అరెస్టు చేశారు. ఎవరు ఎవరో ప్రభుత్వానికి బాగానే తెలుసు.

నిజంగా దాచడానికే పేరు మార్చిన వాళ్ళలో నాకు ముందు గుర్తొచ్చేది ప్రేమ్‌చంద్. అసలు పేరు ధనపత్ రాయ్, విద్యాశాఖలో ఉద్యోగం, మొదట రాసింది ‘నవాబ్ రాయ్’ పేరుతో. 1908లో వచ్చిన ‘సోజ్-ఏ-వతన్’ కథల పుస్తకాన్ని బ్రిటిష్ ప్రభుత్వం రాజద్రోహమని స్వాధీనం చేసుకుంది. నవాబ్ రాయ్ ఎవరో తెలిసిపోయింది. అందుకే 1910లో ఇంకో పేరు పెట్టుకున్నారు. ఆ రోజున ‘ప్రేమ్‌చంద్’ అచ్చమైన మారుపేరు. తర్వాత ఎప్పుడు అది కలం పేరుగా మారిందో, ఎప్పుడు ఏకంగా ఆయన పేరే అయిపోయిందో గీత గీసి చూపించలేం. మీ ముందుమాట రాసినవారు ‘రెండూ ఒకటే’ అన్నది ఇలాంటి పేర్లు చూసే అయ్యుండొచ్చు. ఒకటి ఇంకొకటిగా మారుతుంది, నిజమే. అంత మాత్రాన రెండూ ఒకటి కావు.

మరొకరు:

మన పాత కవులకు మకుటం ఉండేది కదా. దాన్నే తెలుగువాడి కలం పేరు అంటే పోలా? ఇంగ్లీషు చూసి ‘కలం పేరు’ అనే మాట కట్టుకునే పని తప్పుతుంది.

జవాబు:

పోదండీ. మకుటం పద్యం చివర వచ్చే పిలుపు. వేమన పద్యంలో ఆ పిలుపులో వేమ ఉన్నాడు, బాగానే ఉంది. మరి సుమతీ శతకంలో ‘సుమతీ’ అన్నది కవి పేరా? ఎవరికి బుద్ధి చెబుతున్నాడో ఆ మంచి బుద్ధి గలవాణ్ణి పిలవడం అది. సంగీతంలో ముద్ర కూడా ఇంతే. త్యాగరాజు తన పేరే వేసుకున్నాడు, క్షేత్రయ్య పదాల్లో ఉన్నది మువ్వగోపాలుడు. ఎవరి పాటో దాన్నిబట్టి తెలుస్తుంది, కానీ ఆయన్ని ఎవరూ ‘మువ్వగోపాల గారు’ అనలేదు.

కలం పేరూ, చివరి సంతకమూ రెండూ అయ్యేది ఉర్దూ వాళ్ళ తఖల్లుస్. గాలిబ్ అసలు పేరు అసదుల్లా ఖాన్. తొలి రోజుల్లో ‘అసద్’ అనీ తర్వాత ‘గాలిబ్’ అనీ గజల్ చివరి షేర్‌లో, అంటే చివరి రెండు పాదాల్లో, తన పేరు తనే వేసుకున్నాడు. ఆ చివరి షేర్‌ను మక్తా అంటారు. మన మకుటానికీ దానికీ చుట్టరికం లేదు, చెవికి దగ్గరగా వినిపిస్తుందంతే. శ్రీశ్రీ ఒక శతకానికి ‘సిరిసిరిమువ్వా’ అని మకుటం పెట్టారు. అందులో కలం పేరు మకుటంలోకి తొంగి చూస్తుంది. అలాంటిది అరుదు.

అడిగినవారు:

సరే, ‘కలం పేరు’ అని మార్పిస్తాను. కానీ పుస్తకం మీద ఏ పేరన్నది ఇంకా నానుతూనే ఉంది. ఇంట్లో, ఆఫీసులో నేను రాస్తానని కొద్దిమందికే తెలుసు. కథలు చదివి ‘ఇది మన ఇంటి సంగతేనా’ అని ఎవరైనా అడుగుతారేమోనని టెన్షన్. పైగా నన్ను ఆడమనిషిగా కాకుండా వట్టి రచయితగా చదవాలని మొదటినుంచీ ఉంది.

జవాబు:

అయితే మీ ముందుమాటలో అసలు చిక్కు ‘మారుపేరు’ దగ్గర లేదు. ‘రచయిత్రి’ దగ్గర ఉంది! ఆడో మగో తెలియని పేరు అన్ని ఏళ్ళు కాపాడుకున్నారు, ఆయన ఒక్క ప్రత్యయంతో గుట్టు విప్పేశారు.

ఈ విషయంలో తెలుగు కాస్త కఠినమైన భాష. క్రియలోనే మనిషి బయటపడతాడు. ‘రాశాడు’ అంటే మగ, ‘రాసింది’ అంటే ఆడ. తప్పించుకోవడానికి ఒకే దారి, గౌరవ బహువచనం. ‘రాశారు’ అంటే ఆడైనా మగైనా, ఒక్కరైనా ఇద్దరైనా చెల్లుతుంది. బీనాదేవి సంగతి చూడండి. భాగవతుల నరసింగరావు గారు, ఆయన భార్య త్రిపురసుందరమ్మ గారు కలిసి పెట్టుకున్న పేరది. ‘బీనాదేవి రాసింది’ అంటే సగమే నిజం. ‘బీనాదేవి రాశారు’ అంటే గౌరవమూ దక్కుతుంది, లెక్కా సరిపోతుంది. లల్లాదేవి విషయంలోనూ అంతే. ఆ పేరు వెనక ఉన్నది పరుచూరి నారాయణాచార్యులు గారు. పత్రికల్లో రచయిత్రుల నవలలకు మంచి గిరాకీ ఉన్న కాలంలో ఆడ పేర్లతో రాసిన మగవాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళ గురించి రాసేటప్పుడు విమర్శకుడికి ‘రాశారు’ కంటే క్షేమమైన మాట లేదు.

అందుకని ముందుమాట మొత్తం ఈ కన్నుతో ఒకసారి చూసుకోండి. ‘రచయిత్రి’, ‘ఈమె’, ‘కథకురాలు’, ‘ఆవిడ’ ఎన్నిచోట్ల ఉన్నాయో. ‘రచయిత’, ‘వీరు’ అని మార్చమనండి. ‘వీరు’ మరీ సభా మర్యాదలా ఉంటే, చాలా వాక్యాల్లో కర్తను తీసేసినా తెలుగు వాక్యం హాయిగా నడుస్తుంది.

ఏ పేరు వేయాలన్నది మీ ఇష్టం. నన్నడిగితే పత్రికల పేరే ఉంచమంటాను. మీ పాఠకులకు తెలిసింది ఆ పేరే, పుస్తకం కొనేది కూడా ఆ పేరు చూసే. సొంత పేరు వేస్తే వాళ్ళకు మీరు కొత్త రచయిత. కానీ ఆ పేరు మిమ్మల్ని దాస్తుందన్న నమ్మకం మాత్రం పెట్టుకోకండి. మీ ఇంటివాళ్ళు పట్టుకునేది అట్ట మీది పేరును చూసి కాదు, కథలో అత్తగారు మాట్లాడే తీరును చూసి. ఆ భయానికి మందు కథలోనే వేసుకోవాలి. సంఘటన మార్చడమో, ఇద్దరు మనుషుల్ని ఒక పాత్రలో కలపడమో చేయాలి.

మరొకరు:

హక్కుల సంగతి కూడా చెప్పండి. కలం పేరుతో వేస్తే కాపీరైట్ ఉండదని ఒకరు నాతో అన్నారు.

జవాబు:

ఉంటుంది, గడువు లెక్కే వేరు. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం మామూలుగా రచయిత పోయిన మరుసటి సంవత్సరం మొదలు నుంచి 60 ఏళ్ళు. రచయిత ఎవరో వెల్లడి కాకుండా కలం పేరుతో వచ్చిన పుస్తకానికైతే, తొలిసారి అచ్చయిన మరుసటి సంవత్సరం మొదలు నుంచి 60 ఏళ్ళు. ఆ గడువు ముగిసేలోగా రచయిత ఎవరో వెల్లడైతే మళ్ళీ మామూలు లెక్కే వర్తిస్తుంది. వెల్లడి అంటే నలుగురూ గుసగుసలాడుకోవడం కాదు. రచయితా ప్రచురణకర్తా ఇద్దరూ బహిరంగంగా చెప్పాలి, లేదా రచయిత చట్టప్రకారం నిరూపించుకోవాలి. అచ్చయిన నాటి నుంచే లెక్క మొదలైతే గడువు బతికుండగానే అయిపోవచ్చు కాబట్టి, చిన్న వయసులో పుస్తకం వేసేవాళ్ళు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ప్రచురణకర్తతో ఒప్పందం మాత్రం అసలు పేరుతోనే చేసుకోవాలి. అందులోనే ‘ఫలానా కలం పేరుతో ప్రచురణ’ అని ఒక వాక్యం, ఆ అసలు పేరు ఎవరికి చెప్పొచ్చో ఎవరికి చెప్పకూడదో ఇంకో వాక్యం రాయించుకోవాలి. డబ్బు పడేది బ్యాంకు ఖాతాలో ఉన్న పేరుకే కాబట్టి లెక్కలు చూసేవాళ్ళకు ఎలాగూ తెలుస్తుంది.

అడిగినవారు:

పాత పేరే ఉంచుతున్నాను. ముందుమాటలో ‘రచయిత్రి’ మూడుచోట్ల, ‘ఈమె’ ఒకచోట దొరికాయి, మార్చమని పంపాను. ఇంకొక్క సందేహం. ‘కలం పేరు’ విడిగా రాయాలా, ‘కలంపేరు’ అని కలపాలా?

జవాబు:

రెండూ వాడుకలో ఉన్నాయి. నేను విడిగా రాస్తాను. మీరు ఎలా రాసినా ఫరవాలేదు, పుస్తకం మొత్తం ఒకేలా ఉంటే చాలు. వెనక అట్ట మీద రచయిత పరిచయం కూడా చూశారా? ముందుమాట దిద్దినవాళ్ళు అది చూడటం మరిచిపోతుంటారు, ‘ఈ రచయిత్రి’ అక్కడే మిగిలిపోతుంది.