38 వేలు తిరిగిన స్విఫ్టా, లక్షా 12 వేలు తిరిగిన స్విఫ్టా? ఏ ఇంజన్‌ని నమ్మాలి?

కొత్త_స్టీరింగ్ (మియాపూర్):
అందరికీ నమస్కారం. ఇంట్లో నలుగురం, ఇదే మొదటి కారు. రెండు చూసి వచ్చాను. రెండూ 2014 పెట్రోల్ స్విఫ్టులే, రెండూ ఫస్ట్ ఓనరువే. ఒకటి రిటైరైన మాస్టారిది, 38 వేల కిలోమీటర్లు, అంతా సిటీలోనే. 3 లక్షల 20 వేలు చెప్తున్నారు. రెండోది నెలకి ఒకటి రెండుసార్లు విజయవాడ వెళ్లొచ్చే ఆయనది, లక్షా 12 వేలు తిరిగింది. 2 లక్షల 70 వేలు. "మీటర్ చూశాక ఇంకా ఆలోచన ఏంట్రా" అంటాడు మా బావ. నాకే తేలట్లేదు.

బోరబండ_బాబాయ్:
మీ బావ చెప్పిందే కరెక్ట్. లక్ష దాటిన బండికి క్లచ్ అంటారు, సస్పెన్షన్ అంటారు, ఏదో ఒక ఖర్చు తగులుతూనే ఉంటుంది. 50 వేలు ఎక్కువ పోయినా మాస్టారి బండే తీసుకోండి.

పాత_టాపెట్:
క్లచ్ మాట ఒప్పుకుంటా, కానీ అడిగింది ఇంజన్ గురించి. ఇంజన్‌కి కిలోమీటర్లు తెలియవండీ, ఎన్ని గంటలు తిరిగిందో తెలుస్తుంది. హైవే మీద సగటున గంటకి 60 వేసుకుంటే లక్షా 12 వేలకి దాదాపు 1,870 గంటలు. మన సిటీ ట్రాఫిక్‌లో సగటు 18 అనుకుంటే 38 వేలకి 2,100 గంటలు దాటుతుంది. ఇప్పుడు చెప్పండి, ఏది ఎక్కువ అరిగింది? పైగా కూరగాయల మార్కెట్ దాకా వెళ్లొచ్చే బండిలో ఆయిల్ సరిగ్గా వేడెక్కదు. అందులో చేరిన నీరు, పెట్రోల్ ఆవిరై పోకుండా అక్కడే ఉండిపోతాయి.

బోరబండ_బాబాయ్:
60, 18 మీరు వేసుకున్న లెక్కలే కదా. హైవే బండి సిటీలో తిరగలేదని గ్యారంటీ ఏంటి? ఆయనేమైనా ఇంటి నుంచి నేరుగా టోల్‌గేట్‌లోకి దూకుతాడా?

పాత_టాపెట్:
అదీ నిజమే. అందుకే మీటర్ కంటే సర్వీస్ బిల్లులు చూడమంటాను. ఆయిల్ మార్చాల్సింది 10 వేల కిలోమీటర్లకో ఏడాదికో, ఏది ముందొస్తే దానికి. తక్కువ తిరిగే బండికి ఏడాదే ముందొస్తుంది. "అసలు తిరగలేదుగా, సర్వీస్ ఎందుకు" అనుకునే ఇళ్లు బోలెడు.

కాకినాడ_కోడలు:
ఆ మాటకి బలైంది నేనే. 27 వేలు తిరిగిన హ్యాచ్‌బ్యాక్ కొన్నాం, లోపల సీట్లు తళతళలాడుతున్నాయి. మూడు నెలలకి ఆయిల్ మట్టం చూసే గేజ్ కడ్డీ తీస్తే చివర తడి కూడా లేదు. మెకానిక్ పై కవర్ విప్పి చూపించాడు: మూకుడు అడుగున మాడిన మడ్డిలా నల్లటి జిగురు, వేలికి అంటుకుంటే సబ్బుకి కూడా పోలేదు. తొమ్మిదేళ్లలో ఆయిల్ మార్చింది నాలుగుసార్లేనని తర్వాత బిల్లులు లెక్కపెడితే తెలిసింది. కొనకముందు లెక్కపెట్టాల్సింది.

గ్యారేజీ_పక్కిల్లు:
చర్చ ఎంత చేసినా బండి దగ్గరికి వెళ్లాల్సిందే. పొద్దున్నే, చెప్పకుండా వెళ్లండి. ముందు బానెట్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే మీకోసమే ముందుగా స్టార్ట్ చేసి ఉంచారని అర్థం. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడు లోపలి టైమింగ్ చైన్ గలగల రెండు మూడు సెకన్లు దాటి వినిపిస్తే అనుమానించాలి. ఐదు నిమిషాలు ఐడిల్‌లో వదిలి ఒక్కసారి రేజ్ చేయండి. సైలెన్సర్‌లోంచి నీలం పొగ వస్తే ఆయిల్ తాగుతున్నట్టే. తెల్లపొగ చలికాలం పొద్దున కాసేపు మామూలే. ఇంజన్ వేడెక్కాక కూడా ఆగకపోతే, దాంతోపాటు ఇంజన్‌ని చల్లబరిచే కూలెంట్ తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు) చూపించాలి.

బోరబండ_బాబాయ్:
ఇవన్నీ ఎందుకు, మంచి మెకానిక్ చెవి చాలదా? మా వాడు సౌండ్ విని చెప్పేస్తాడు.

గ్యారేజీ_పక్కిల్లు:
చెవికి వాల్వుల దగ్గరి టాపెట్ సౌండ్ దొరుకుతుంది బాబాయ్, పిస్టన్ రింగుల అరుగుదల దొరకదు. దానికి కంప్రెషన్ టెస్టే చేయించాలి, అంటే ఒక్కో సిలిండర్‌లో ఒత్తిడి ఎంత వస్తుందో చూడాలి. ఇంజన్ వేడి మీద నాలుగు ప్లగ్గులూ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టి, గేజ్ పెడతారు. నాలుగు సిలిండర్లూ దగ్గర దగ్గరగా చూపించాలి. ఒక్కటే బాగా తగ్గితే దాంట్లో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూస్తారు. పెరిగిందా, రింగులు. పెరగలేదా, వాల్వులో గ్యాస్కెటో. కారు కంప్యూటర్‌లోని ఎర్రర్లు చదివే స్కానర్ కూడా పెట్టించండి. ఎర్రర్లు ఏమీ లేవని మురిసిపోకండి, నిన్ననే చెరిపేసి ఉండొచ్చు. అలా చెరిపితే రెడీనెస్ టెస్టులు (కారు తనకి తానే చేసుకునే పరీక్షలు) పూర్తి కాలేదని చూపిస్తుంది.

కొత్త_స్టీరింగ్ (మియాపూర్):
ఆదివారం ఏడింటికే వెళ్లాను. మాస్టారి బండి బానెట్ చల్లగానే ఉంది, స్టార్టింగ్ శుభ్రంగా ఉంది. బిల్లులు అడిగితే ఆరు దొరికాయి, 2019 తర్వాత ఒక్కటీ లేదు. టెస్ట్ అంటే "ప్లగ్గులు విప్పితే పాడవుతాయేమో బాబూ" అన్నారు, పాపం మంచాయనే. విజయవాడ ఆయన మాత్రం ఫైలు ముందు పెట్టాడు, 12 బిల్లులు. టెస్ట్‌లో నాలుగూ దగ్గర దగ్గరగానే వచ్చాయి. క్లచ్ మాత్రం బరువుగా ఉంది. దానికి 10 వేలు తగ్గించమంటే ఆలోచిస్తానన్నాడు.

బోరబండ_బాబాయ్:
క్లచ్ గురించి మొదటే చెప్పానా లేదా? పది కాదు, పదిహేను అడుగు.