‘ప్రచ్ఛన్న యుద్ధం’లో చల్లదనం ఎందుకు లేదు?

ప్రశ్న: ఇంగ్లీషులో కోల్డ్ వార్, హిందీలో శీత్ యుద్ధ్. మన పాఠ్యపుస్తకాల్లో మాత్రం ‘ప్రచ్ఛన్న యుద్ధం’. ఇది తప్పు అనువాదమా? ‘శీతల యుద్ధం’ అంటే సరిపోయేది కదా?

జవాబు: తప్పు కాదండీ. నా మటుకు నాకు ఇంగ్లీషు మాట కన్నా మన మాటే నచ్చుతుంది.

ముందు చల్లదనం సంగతి. మన ఎండలకి చల్లదనం ఒక వరం. చల్లని తల్లి అంటాం, చల్లగా ఉండమని దీవిస్తాం. శీతల పానీయం అని కూడా అంటాం. ఇంగ్లీషువాడి ‘కోల్డ్’లో ఉన్న ముభావం, వైరం మన ‘చల్లన’లో పలకవు. కాబట్టి ‘శీతల యుద్ధం’ అన్నప్పుడు తెలుగు చెవికి టెన్షన్ తగలదు.

ఇక ప్రచ్ఛన్నం. ఛద్ అంటే కప్పడం. ఛత్రం, ఆచ్ఛాదన, ఛద్మవేషం అన్నీ ఆ ధాతువు పిల్లలే. ప్రచ్ఛన్నం అంటే బాగా కప్పిపెట్టినది. అమెరికా, సోవియట్ యూనియన్‌ల అణు వైరం చరిత్ర చూడండి, ఈ మాట ఎంత అతుకుతుందో.

1945 జూలై 24, జర్మనీలోని పోట్స్‌డామ్‌లో విజేత దేశాల నేతల సమావేశం. అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ మామూలుగా నడుచుకుంటూ సోవియట్ నేత స్టాలిన్ దగ్గరికి వెళ్ళి, మా దగ్గర అసాధారణ విధ్వంసక శక్తి గల కొత్త ఆయుధం ఉందని చెప్పాడు. ‘అణు’ అనే మాట ఎత్తలేదు. స్టాలిన్ పెద్దగా ఆశ్చర్యపోలేదు. ఆయనకి విషయం అర్థం కాలేదేమో అనుకున్నారు అక్కడున్నవాళ్ళు. నిజానికి ఆ బాంబు తయారీ వివరాలు అప్పటికే మాస్కో చేరుతున్నాయి. వాటిని అందించినవాళ్ళలో ముఖ్యుడు క్లాస్ ఫుక్స్. నాజీల నుంచి తప్పించుకుని బ్రిటన్ చేరిన జర్మన్ భౌతిక శాస్త్రవేత్త, నమ్మకంతో కమ్యూనిస్టు. అమెరికా అణుబాంబు తయారైన లాస్ అలమోస్ ప్రయోగశాలలో పనిచేస్తూనే, 1945 జూన్‌లో శాంటా ఫేలో హ్యారీ గోల్డ్ అనే వార్తాహరుడికి ప్లుటోనియం బాంబు వివరాలు ఇచ్చాడు. అంటే పోట్స్‌డామ్‌లో ఇద్దరూ దాచారు: ఒకరు బాంబు పేరు దాచారు, ఇంకొకరు తనకు తెలుసన్న సంగతి దాచారు.

తర్వాత 1949 ఆగస్టు 29న సోవియట్ యూనియన్ కజకిస్తాన్‌లోని సెమిపలాటిన్స్క్‌లో తన తొలి అణుబాంబు పేల్చింది. అది నాగసాకి మీద వేసిన బాంబు నమూనాలోనే చేసినది. సోవియట్‌లు ఆ సంగతి బయటపెట్టలేదు. అమెరికా వాతావరణ విమానం ఒకటి సోవియట్ తూర్పు కొసనున్న కంచట్కా ద్వీపకల్పం వైపు ఎగురుతూ గాలిలో రేడియో ధార్మిక రేణువులు పట్టుకుంది. సెప్టెంబర్ 23న ఆ పేలుడు గురించి లోకానికి చెప్పింది ట్రూమన్! పేల్చినవాడు నోరు మెదపకపోతే ఎదుటివాడు ప్రకటించాడు. సోవియట్ రహస్య సందేశాల సంకేతాలను అమెరికన్లు విప్పుతుండగా ఫుక్స్ సంగతి కూడా బయటపడింది. 1950లో 14 ఏళ్ళ శిక్ష పడింది.

నాకు ఎప్పుడూ ఒళ్ళు జలదరించేది మాత్రం క్యూబా సంగతి. 1962 అక్టోబర్ 14న అమెరికా గూఢచారి విమానం యు-2 క్యూబా మీద తీసిన ఫొటోల్లో సోవియట్ క్షిపణి స్థావరాలు కనిపించాయి. ఆ క్షిపణులు ఏ రకమో పోల్చుకోవడానికి, సోవియట్ సైనిక గూఢచార సంస్థలో కల్నల్‌గా ఉంటూ పశ్చిమ దేశాలకి సమాచారమిచ్చిన ఒలెగ్ పెన్‌కోవ్‌స్కీ చేరవేసిన పత్రాలు పనికొచ్చాయి. ఆయనకి 1963లో మాస్కోలో మరణశిక్ష అమలు చేశారు. ఫొటోల్లో కనబడింది కొంతే. ద్వీపంలో 40 వేలకు పైగా సోవియట్ సైనికులున్నారు. అమెరికా వేసుకున్న అంచనా అందులో చిన్న వాటాయే. యుద్ధరంగంలో వాడే చిన్న అణ్వాయుధాలు కూడా అక్కడ సిద్ధంగా ఉన్నాయని అమెరికన్లకి తెలిసింది 1992లో, హవానాలో జరిగిన సమావేశంలో. అప్పటి అమెరికా అధ్యక్షుడు కెనెడీకి సైన్యాధికారులు క్యూబా మీద దాడి చెయ్యమనే సలహా ఇచ్చారు. ఆయన ఆ మాట విని ఉంటే, ఒడ్డున దిగే సైనికులకి ఏం ఎదురయ్యేదో ఎవరికీ తెలియదు. ఇంత దాపరికాన్ని ‘చల్లని’ అనే మాట ఎలా మొయ్యగలదు చెప్పండి?

ఇంకొకరు: మీ వాదన బాగుంది గానీ మాస్టారూ, కొరియాలో, వియత్నాంలో లక్షల మంది చనిపోయారు. అది చల్లగానూ లేదు, దాగీ లేదు. బాంబులు బాహాటంగానే పడ్డాయి. ‘ప్రచ్ఛన్న’ అంటే ఆ చావుల్ని చిన్నబుచ్చినట్టు కాదా?

జవాబు: మీ అభ్యంతరం న్యాయమైనదే. ఆ ప్రజలకి అది పట్టపగటి యుద్ధమే. ఆ దేశాల చరిత్ర రాసేటప్పుడు కొరియా యుద్ధం, వియత్నాం యుద్ధం అనే రాయాలి. ప్రచ్ఛన్నం అన్నది రెండు అగ్రరాజ్యాల మధ్య సంబంధానికే వాడాలి. ఆ అర్థంలో కొరియాకీ వర్తిస్తుంది. 1950 నవంబర్ నుంచి అక్కడ సోవియట్ తయారీ మిగ్-15 యుద్ధ విమానాలు నడిపినవాళ్ళలో సోవియట్ పైలట్లు ఉన్నారు. విమానాల మీద చైనా, కొరియా గుర్తులు వేసుకుని, చైనా యూనిఫాం తొడుక్కుని ఎగిరారు. రేడియోలో రష్యన్ మాట్లాడొద్దని ఆజ్ఞ. కానీ ప్రాణం మీదికి వచ్చినప్పుడు నోటికి వచ్చేది మాతృభాషే కదా, ఆ రష్యన్ మాటలు అమెరికన్లు విన్నారు. విని కూడా తమ ప్రజలకి చెప్పలేదు. చెబితే సోవియట్ మీద నేరుగా యుద్ధానికి దిగమని దేశంలో ఒత్తిడి వస్తుందని భయం. సాక్షాత్తూ ఛద్మవేషంలో జరిగిన పోరు ఇది. వేషం వేసినవాడితో పాటు దాన్ని పసిగట్టినవాడు కూడా గుట్టు కాపాడాడు.