శేషాచలం కొండల్లో పక్షుల లెక్క: తుప్పల్ని, కోనల్ని ఎలా పోల్చాలి?

ప్రశ్న (పీజీ విద్యార్థి):
శ్రీ వెంకటేశ్వర నేషనల్ పార్కులో తలకోన వైపు పక్షుల సర్వే చేస్తున్నాం, అటవీ శాఖ అనుమతి ఉంది. ఆవాసాలు నాలుగు: కొండ దిగువ ముళ్ల తుప్పలు, ఎర్రచందనం ఉన్న ఆకురాల్చే అడవి, బండరాళ్ల చరియలు, వాగు పారే కోన. తుప్పల్లో 18 పాయింట్లు, కోనలో 6 పాయింట్లు అయ్యాయి. ఒక్కో చోట 10 నిమిషాలు నిలబడి, ఎంత దూరంలో ఉన్నా సరే కనబడినవీ వినబడినవీ అన్నీ రాశాం. జాతులు తుప్పల్లోనే ఎక్కువ వచ్చాయి. కోన కన్నా తుప్పల్లో వైవిధ్యం ఎక్కువని రాయొచ్చా?

జవాబు 1:
అప్పుడే రాయకండి. మూడు రెట్లు పాయింట్లు పెడితే జాతులు పెరగడం మామూలే. ముందు రెండింటినీ 6 పాయింట్ల స్థాయికి దించి రేర్‌ఫ్యాక్షన్‌తో (రెండు చోట్లా ఒకే సంఖ్యలో పాయింట్లు పెడితే ఎన్ని జాతులు వచ్చేవో అంచనా వేసే పద్ధతి) పోల్చండి. దానికి ఆర్ (R) అనే గణాంకాల సాఫ్ట్‌వేర్‌లో వేగన్ ప్యాకేజీ చాలు. పాయింట్లు పెరిగేకొద్దీ జాతులు ఎన్నయ్యాయో చూపే గ్రాఫు కోన విషయంలో ఇంకా పైకే పోతుంటే అక్కడ లెక్క పూర్తి కాలేదన్నమాట.

రెండోది దూరం. తుప్పల్లో 100 మీటర్ల అవతల కౌజు కూసినా వినిపిస్తుంది. కోనలో నీటి హోరుకి 30 మీటర్లలో ఉన్న పిట్ట కూడా వినపడదు. కాబట్టి 0–25, 25–50, 50 దాటినవి అని మూడు వరుసలు పెట్టుకుని, పోల్చేటప్పుడు 50 మీటర్ల లోపువే తీసుకోండి. పైన ఎగిరిపోయే గద్దల్ని, శరవేగంగా తిరిగే స్విఫ్టుల్ని విడిగా రాయండి, అవి ఆ ఆవాసానివి కావు. పాయింట్ల మధ్య కనీసం 200 మీటర్లు ఉండాలి. ఆకురాల్చే అడవిలో మినివెట్లు, వడ్రంగి పిట్టలు, ఏట్రింతలు కలిసి గుంపుగా కదులుతాయి. పాయింట్లు దగ్గరైతే అదే గుంపు రెండుసార్లు లెక్కలో పడుతుంది.

జవాబు 2:
చరియల దగ్గర పికిలి పిట్టల్ని గుర్తించడంలో జాగ్రత్త. పసుపు గొంతు పికిలి ఈ కొండల ప్రత్యేకత: దక్షిణ భారతంలో రాతి కొండల తుప్పల్లోనే ఉంటుంది, ప్రపంచవ్యాప్తంగా ముప్పున్న జాతి. తెల్ల కనుబొమ పికిలి కూడా అవే పొదల్లో దాక్కుని గట్టిగా కూస్తుంది. కూత మాత్రమే విని పేరు రాయొద్దు. తల, గొంతు ప్రకాశవంతమైన పసుపు అయితే మొదటిది. కంటి మీద తెల్లటి గీత ఉంటే రెండోది. తేలకపోతే "పికిలి, జాతి తెలియదు" అని రాసేయడమే నిజాయతీ. కూత రికార్డు వినిపించి రప్పించడం వద్దు, గూళ్ల కాలంలో అసలే వద్దు. లెక్క కూడా పాడవుతుంది.

ప్రశ్న వేసినవారు:
ధన్యవాదాలండీ. కోన పాయింట్లు మార్చిలో పూర్తి చేద్దామనుకుంటున్నాం. పర్వాలేదా?

జవాబు 3:
తుప్పలు జనవరిలో, కోన మార్చిలో చేస్తే ఆవాసాల తేడా, రుతువుల తేడా కలిసిపోతాయి. పైగా మార్చికి ఎర్రచందనం అడవి ఆకు రాలి పలచబడుతుంది, దాక్కునే పిట్టలు కూడా కనబడతాయి. దాన్ని సంఖ్య పెరిగిందని పొరబడతారు. నాలుగు ఆవాసాలూ ఒకే నెలలో, వరస మార్చుకుంటూ చేయండి. ఇక్కడ ఈశాన్య రుతుపవనాల వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఉంటుంది కనుక, జనవరి–ఫిబ్రవరిలో ఒక విడత, గూళ్ల కాలంలో ఇంకో విడత పెట్టుకోండి. ఉదయం కోనలోకి ఎండ ఆలస్యంగా దిగుతుంది, పిట్టలూ ఆలస్యంగానే కదులుతాయి. అందుకే ఒక్కో పాయింటుకి మూడు వేర్వేరు ఉదయాల్లో, వేర్వేరు గంటల్లో వెళ్లాలి. చేరాక 2 నిమిషాలు కదలకుండా ఉండి, తర్వాతే వాచీ చూసుకోండి.

ఇంకో మాట. ఏ ఆవాసంలో ఎన్ని జాతులన్నదాని కన్నా ఏవి ఎక్కడ మాత్రమే దొరుకుతున్నాయన్నది చూడండి. రెండు ఆవాసాల పక్షుల కూర్పు ఎంత తేడాగా ఉందో బ్రే–కర్టిస్ సూచీతో జతలు జతలుగా పోల్చితే తెలుస్తుంది. జాతుల సంఖ్య తక్కువని ముళ్ల తుప్పల్ని పనికిరాని నేలగా రాయడం చాలా రిపోర్టుల్లో కనబడే పెద్ద పొరపాటు. అంతరించిందనుకున్న కలివికోడి అనే పక్షి 1986లో పక్కనే కడప జిల్లాలో మళ్లీ కనిపించింది సరిగ్గా అలాంటి తుప్పల్లోనే. మీ పట్టికలో ప్రతి జాతి పక్కన "ఇక్కడే" లేదా "అంతటా" అన్న నిలువు వరుస తప్పక పెట్టండి, తుప్పలకి ఆ వరుస ఎంత నిండుతుందో చూడండి.