వైరస్ మెదడులో ఉంటే ఊపిరితిత్తుల్లోకి నీరెందుకు వస్తుంది?

స్వప్న_అమ్మ: మా బాబుకి రెండున్నరేళ్ళు. ప్లేస్కూల్ నుంచి హ్యాండ్ ఫుట్ మౌత్ అంటించుకొచ్చాడు, నోట్లో, అరచేతుల్లో పొక్కులు, ఇవాళ మూడో రోజు. డాక్టరు గారు భయం లేదన్నారు గానీ రాత్రి నిద్ర పట్టక చదువుతుంటే 1998లో తైవాన్‌లో ఇదే జబ్బుతో 78 మంది చనిపోయారని, వాళ్ళలో 65 మందికి ఊపిరితిత్తుల్లో నీరో రక్తమో చేరిందని కనబడింది. వైరస్ చేరింది మెదడుకైతే ఊపిరితిత్తులు పాడవడం ఏంటి?

పీడియాట్రిక్స్_పీజీ: ముందు మీ బాబు సంగతి. అక్కడ తీవ్రమైన కేసులకి ప్రధాన కారణం ఎంటెరోవైరస్ 71 (ఈవీ71) అనే వైరస్. మన దగ్గర ఎక్కువగా కనబడేవి కాక్సాకీ ఏ16, ఏ6 అనే వైరస్‌లు, వాటితో దాదాపు పిల్లలందరూ వారం పది రోజుల్లో కోలుకుంటారు.

ఇక మీ ప్రశ్న. మెదడు వెన్నుపాముతో కలిసేచోట గుండె వేగాన్నీ బీపీనీ నడిపే కేంద్రాలుంటాయి. ఈవీ71 అక్కడ దెబ్బ కొడితే పట్టు తప్పిన నరాలు ఒక్కసారిగా అడ్రినలిన్ లాంటివాటిని కుమ్మరిస్తాయి, రక్తనాళాలు బిగుసుకుని బీపీ ఎగిరిపోతుంది, గుండె కండరం దెబ్బతింటుంది, రక్తమంతా ఊపిరితిత్తుల వైపు తోసుకొచ్చి సన్న నాళాల్లోంచి నీరు కారిపోతుంది. చనిపోయిన పిల్లలకి పోస్ట్‌మార్టం చేస్తే వైరస్ వల్ల వచ్చే వాపు (ఇన్‌ఫ్లమేషన్) మెదడులో కనబడింది, ఊపిరితిత్తుల్లో కాదు. అందుకే ఈ స్థితిలో సెలైన్ ఎక్కువ పెడితే ఇంకా ముంచుతుంది.

ఐసీయూ_సిస్టర్: తేలు కుట్టిన పిల్లల్ని చూసినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుందండీ. అక్కడ విషం నరాల్ని రెచ్చగొడుతుంది, ఇక్కడ వైరస్, కానీ ఒళ్ళు చల్లబడటం, చెమటలు, గుండె దడ, చివరికి ఊపిరితిత్తుల్లో నీరు, అన్నీ అవే. మహారాష్ట్రలోని మహాడ్‌లో డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ గారు రక్తనాళాల్ని వదులు చేసే ప్రాజోసిన్ అనే మందుతో ఆ అడ్రినలిన్ తుఫానుని అణచి ఎంతోమంది పిల్లల్ని కాపాడారు. ఈవీ71కి తైవాన్‌లో గుండెకి బలమిచ్చి రక్తనాళాల్ని వదులు చేసే మిల్రినోన్ అనే మందు వాడారు.

స్వప్న గారూ, పొక్కుల్ని లెక్కపెట్టకండి, బాబుని చూడండి. నిద్రలో మాటిమాటికీ ఉలిక్కిపడటం, నడకలో తూలడం, ఆగకుండా వాంతులు, జ్వరం తగ్గినా గుండె వేగంగా కొట్టుకోవడం, చల్లటి చెమట, వీటిలో ఏదున్నా తెల్లారేదాకా ఆగకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి.

స్వప్న_అమ్మ: చాలా థ్యాంక్స్ సిస్టర్, డాక్టర్ గారూ. ఉలికిపాటు లేదు, పొద్దున చల్లటి పెరుగన్నం నాలుగు ముద్దలు తిన్నాడు. ఈ రాత్రి పక్కనే మేలుకుని చూస్తాను.