కొకోడా ప్రాక్టీసులో గోళ్లు నల్లబడుతున్నాయి, లేసు ఎలా కట్టాలి?

ఏటిగట్టు నడక: పొద్దుట్నించీ నాలుగు గంటలుగా లేసులు విప్పడం, కట్టడం. విసుగొచ్చేసింది. ఖరీదైన బూట్లు, సైజు నాదే, అయినా రెండు బొటనవేళ్ల గోళ్లూ నల్లబడ్డాయి. జూలైలో మా బావతో పాపువా న్యూగినీ వెళ్లి కొకోడా దారి 96 కిలోమీటర్లు నడవాలి. ఎవరైనా చెప్పండి.

పాత బూట్లు: ఎక్కేటప్పుడా, దిగేటప్పుడా?

గోదారి గట్టు: తమ్ముడూ, గోళ్ల సంగతి సరే, మలేరియా మాత్రల మాటేమిటి? రెండో ప్రపంచ యుద్ధంలో, 1942లో ఆ అడవిలో జపాన్ వాళ్లకీ ఆస్ట్రేలియా వాళ్లకీ తూటాలతో పాటు జ్వరాలూ విరేచనాలూ శత్రువులే. డాక్టర్ డాక్సీసైక్లిన్ రాస్తే తిరిగొచ్చాక కూడా నాలుగు వారాలు వాడాలి, ఇల్లు చేరాం కదా అని మానెయ్యకు.

పుంత రోడ్డు: అది 'దారి' కాదండీ, కొకోడా ట్రెయిల్. ఆస్ట్రేలియా సైన్యం ఇచ్చిన యుద్ధ గౌరవంలో, అంటే అక్కడ పోరాడిన దళాలకిచ్చిన బిరుదులో, ఆ పేరే ఉంది.

గోదారి గట్టు: అక్కడ పోరాడినవాళ్లలో చాలామంది ట్రాక్ అనే అనేవారు. మనం పుంత అన్నదాన్ని పక్క జిల్లావాళ్లు డొంక అనరూ? అయినా పేరు కన్నా, గాయపడ్డవాళ్లని ఆ బురదలో స్ట్రెచర్ల మీద మోసిన పాపువా కూలీలని తలుచుకోవాలి.

ఏటిగట్టు నడక: దిగేటప్పుడేనండి. చెప్పడం మర్చిపోయాను, పది కిలోల బియ్యం బ్యాగులో వేసుకుని మా అపార్ట్‌మెంట్ ఐదంతస్తులు ఎక్కి దిగుతున్నాను. కోనసీమలో కొండెక్కడుంది, ఏటిగట్టు తప్ప.

పాత బూట్లు: అది మొదటే చెప్పాలి. దిగేటప్పుడు పాదం ముందుకి జారి గోరు బూటుకి కొట్టుకుంటోంది. గోళ్లు పొట్టిగా కత్తిరించు. మడమని వెనక్కి తన్ని పెట్టుకో, పై రెండు కన్నాల్లో లేసుని అదే వైపు దూర్చి చిన్న ఉచ్చు చెయ్యి, అవతలి లేసు కొసని ఆ ఉచ్చులోంచి లాగి బిగించు, అప్పుడు చీలమండ కదలదు. ఇంకో పరీక్ష: లేసు వదులు చేసి వేళ్లని ముందుకి ఆనించు, మడమ వెనక ఒక వేలు పట్టకపోతే బూటు చిన్నదే. సాయంత్రం కాళ్లు కాస్త ఉబ్బాక, నడకకి వేసుకునే మేజోళ్లతోనే వెళ్లి కొను.

పుంత రోడ్డు: అన్నవరం మెట్లు బరువుతో దిగి చూడండి. కొకోడాలో ఒక కొండ దిగగానే ఇంకోటి ఎక్కాలి, రోజంతా అదే.

గోదారి గట్టు: ట్రెయిల్ మాటకి ఇంకా నేను ఒప్పుకోలేదు.

ఏటిగట్టు నడక: ఉచ్చు వేసి దిగాను, మూడో అంతస్తు దాకా తగల్లేదు, తర్వాత తగిలింది. మడమ వెనక వేలు పట్టట్లేదు. రేపు రాజమండ్రి వెళ్లి పెద్ద సైజు చూస్తాను. థ్యాంక్సండి.