సమస్యాపూరణం: “వెన్న గడ్డకట్టి యున్న నీరె”

నిర్వాహకుడు: ఆటవెలది నాలుగో పాదం. యతి అంటే పాదం మొదటి అక్షరానికీ నిర్ణీత స్థానంలోని అక్షరానికీ పొత్తు; ఇక్కడ వెన్న–యున్న ప్రాసయతి, అంటే మొదటి అక్షరాలకు బదులు రెండో అక్షరాలు (న్న–న్న) కలిశాయి. సందర్భం: అమెరికా నుంచి ఇంటికొచ్చే దారిలో విమానాశ్రయపు సోదా.

పూరణ 1 (డాలస్ మిత్రులు)

చేతి సంచిలోన సీసాను బెట్టిన
కొత్త మూతయైన కుదర దచట
పూయవచ్చునట్టి ముద్ద యేదైనను
వెన్న గడ్డకట్టి యున్న నీరె

నిర్వాహకుడు: వెన్నను పల్లీవెన్నగా అన్వయించడం బాగుంది. పోసేదీ పూసేదీ పిండేదీ అన్నీ అక్కడ ద్రవమే. పూ–ము యతి చెల్లుతుంది. కొలత మాత్రం చెప్పలేదు మీరు. చేతి సంచిలో ద్రవాలకు పరిమితిగా చెప్పే 100 మిల్లీలీటర్లు అన్నది సీసా పరిమాణం, లోపల మిగిలిన సరుకుది కాదు. పెద్ద సీసా అడుగున రెండు చెంచాలే ఉన్నా తీసి పక్కన పెట్టేస్తారు. అలాంటి సీసాకు మూత కింద పాలిథిన్ ముక్క వేసి బిగించి, జిప్ కవర్లో పెట్టి, చెకిన్ పెట్టెలో బట్టల మధ్య సర్దాలి.

పూరణ 2 (దోహా మిత్రులు)

మధ్యలోన దిగిన మరల సోదా యుండు
నూరు మిల్లి దాట నూడ్తు రచట
బిల్లుతోడ సంచి బిగియించకున్నచో
వెన్న గడ్డకట్టి యున్న నీరె

నిర్వాహకుడు: రెండో పాదంలో యతి తప్పింది. దాటన్ + ఊడ్తురు. ద్రుతం (మాట చివరి ‘న్’) ముందు మాటది, యతిస్థానంలో నిలిచేది ‘ఊ’. దానికి పాదం మొదటి ‘నూ’తో యతిమైత్రి (పొత్తు) లేదు. “వంద మిల్లి దాట వదల రచట” అంటే సరి.

డాలస్ మిత్రులు: మూడో పాదం నూటికి నూరుపాళ్ళు నిజమండీ. డ్యూటీఫ్రీ సీసాను బిల్లు బయటికి కనపడేలా సంచిలో పెట్టి సీలు వేస్తారు. ఆఖరి సోదా దాటేదాకా ఆ సీలు చింపకూడదు. ఢిల్లీలోనో ముంబైలోనో దిగి హైదరాబాదు విమానం ఎక్కేవాళ్ళు కస్టమ్స్ దాటాక, పెట్టె తిరిగి అప్పగించే ముందే సీసాను అందులో సర్దేయడం నయం. మద్యమైతే సుంకం లేకుండా 2 లీటర్లే.

పూరణ 3 (న్యూజెర్సీ మిత్రులు)

మంచు గడ్డయైన మాటాడ రెవ్వరు
కరగెనేని చుక్క కదలనీరు
నీరు గడ్డకట్ట నీరు కాదట కాని
వెన్న గడ్డకట్టి యున్న నీరె

నిర్వాహకుడు: భేష్! ‘కదలనీరు’లో నీరు దాచారు. విషయమూ కచ్చితం: అమెరికాలో రాయిలా గడ్డకట్టిన ఐస్‌ప్యాక్‌ను వదులుతారు, ట్రే దగ్గరికి వచ్చేసరికి అడుగున నీరు చేరితే మళ్ళీ 100 లెక్కే. మందులకూ పసిపిల్లల పాలకూ సడలింపు ఉంది; ముందే బయటికి తీసి చూపాలి.

దోహా మిత్రులు: 2025 జూలై నుంచి ఎడిన్‌బరో విమానాశ్రయంలో సీటీ స్కానర్లతో (సంచి లోపలిని త్రీడీలో చూపే యంత్రాలతో) 2 లీటర్ల దాకా వదులుతున్నారు కదా, సమస్యకు కాలం చెల్లినట్టేనా?

న్యూజెర్సీ మిత్రులు: ఎక్కేచోట వదిలినా, మధ్యలో దిగేచోట పాత నియమం ఉంటే అక్కడ పట్టేస్తారండీ. మీ మొదటి పాదం చెప్పిందీ అదే!

నిర్వాహకుడు: సవరించిన పాదంతో రెండో పూరణ స్వీకరిస్తున్నాను.